దొంగ స్విచ్

పెళ్లికి వచ్చిన చుట్టాలంతా ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. సూర్యాపేటలో మిగిలింది విజయలక్ష్మి ఒక్కతే. నిన్న మధ్యాహ్నం ఆమె తలంబ్రాలు చూస్తూ లోపల కూర్చున్న వేళ, ఫంక్షన్ హాలు వెనక సందులో నిలిపిన తెల్ల మారుతి మాయమైంది. కేక లేదు, కూత లేదు. భర్త భాస్కర్ పోయి ఏడాది తిరగలేదు, ఆయన ముచ్చటపడి కొన్న కారు కూడా పోయింది. మరిది సుధాకర్ పెళ్లిబట్టలతోనే పోలీస్ స్టేషనుకు వెళ్లి, డ్రైవర్ దేవ్‌సింగ్ మీద అనుమానం చెప్పి, వదినతో ఒక్క మాటైనా అనకుండా కోదాడ బస్సెక్కేశాడు. దేవ్‌సింగ్‌ను పట్టుకెళ్లారన్న సంగతి ఆమెకు తెల్లవారాక గానీ తెలియలేదు. అదీ అతని భార్య పుష్పాబాయి మిర్యాలగూడ నుంచి మొదటి బస్సుకు వచ్చి, విడిది గుమ్మంలో కూలబడి చెబితే.

ఇప్పుడు ఇద్దరూ స్టేషను మెట్ల దగ్గరున్నారు. పుష్పాబాయి పైకి ఎక్కలేదు.

"నువ్వు పో అమ్మా. నీ మాటైతే వింటరు. నేను నోరు తెరిస్తే ఆవలకు పొమ్మంటున్నరు."

ఎస్సై కృష్ణమూర్తిది తెనాలి వైపు. నెమ్మదైన మనిషి. విజయలక్ష్మిని చూడగానే కుర్చీ చూపించాడు.

"కూర్చోండమ్మా. మీకు శ్రమ లేకుండానే తేలిపోయింది. మీ డ్రైవరు ఒప్పుకున్నాడు."

"ఏమని?"

"దొంగ స్విచ్ వేసింది తనేనని. మేము చెయ్యి కూడా ఎత్తలేదు. అడగ్గానే వాడంతట వాడే చెప్పాడు. కావాలంటే మీరే వినండి."

దేవ్‌సింగ్‌ను పిలిపించారు. రాత్రంతా నిద్ర లేని కళ్లు, నలిగిన తెల్ల చొక్కా. పెళ్లికని పుష్పాబాయి ఇస్త్రీ చేసి ఇచ్చిన చొక్కా అది. యజమానురాలిని చూడగానే అతని గొంతు లేచింది.

"నువ్వన్న చెప్పమ్మా! దొంగ స్విచ్ నేనే ఏసిన. నా చేతులతోటే ఏసిన. ఏసినంకనే బువ్వకు పోయిన. ఒక్కనాడన్న ఎయ్యక మరిసిననా?"

ఎస్సై రెండు చేతులూ విప్పాడు. "విన్నారుగా. రోజూ వేస్తాడట."

విజయలక్ష్మికి నవ్వు వచ్చింది. ఎన్ని నెలలకో వచ్చిన నవ్వు, రాక రాక పోలీస్ స్టేషన్లో వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దాన్ని దగ్గుగా మార్చుకుంది.

"ఎస్సై గారూ, డబ్బు దాచుకోవడానికి బనియన్‌కు లోపలి వైపు కుట్టించుకుంటారే, ఆ జేబును మీ ఊళ్లో ఏమంటారండీ?"

"దొంగ జేబంటాం. ఎందుకు?"

"అది దొంగ కుట్టిన జేబు కాదు కదా."

కృష్ణమూర్తి ఒక నిమిషం ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత దేవ్‌సింగ్ ముఖంలోకి చూశాడు.

"హైదరాబాదులో కారుకు అలారం పెట్టించినప్పుడు దానితోపాటే ఒక చాటు స్విచ్చి కూడా పెట్టారు" అంది విజయలక్ష్మి. "షాపు అతను దానికి ఏదో పెద్ద పేరు చెప్పాడు. మావారికి నోరు తిరగలేదు. కనపడకుండా ఉంటుంది కనుక దొంగ స్విచ్ అన్నారు. మాకూ అదే అలవాటైంది. ఇతను 'ఏసిన' అనేది దొంగతనం కోసం కొత్తగా బిగించానని కాదు. లైటు వేసినట్టు వేశాడు. రోజూ బండి ఆపగానే వేసి దిగుతాడు. వేయమని చెప్పింది మేమే."

గోడవారగా నిల్చున్న కానిస్టేబుల్ తల గోక్కున్నాడు. కృష్ణమూర్తి మాత్రం మీసాల చాటున నవ్వుకుని, కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"బాగుంది. భాష రాక ఒక మనిషిని దొంగను చేసేవాణ్ని. ఇంతకీ ఆ స్విచ్ వేస్తే ఏమవుతుందమ్మా?"

అడిగిన మనిషి శ్రద్ధగా అడిగాడు. చాలా రోజుల తర్వాత ఒక మనిషి ఎదురుగా కూర్చుని ఆమెను ఒక సంగతి అడగడం, చెబితే వినడం. విజయలక్ష్మికి చెప్పాలనిపించింది. అలారం బిగిస్తున్నంతసేపూ ఆమె ఆ షాపులో స్టూలు మీద కూర్చుని చూసింది. కారుతో ఇచ్చిన పుస్తకం భాస్కర్ తెరవనైనా తెరవలేదు గానీ, ఆమె అట్ట నుంచి అట్ట దాకా చదివింది.

తలుపుల సందుల్లో చిన్న చిన్న బుడిపెలుంటాయని చెప్పింది. తలుపు మూస్తే అవి నొక్కుకుని ఉంటాయి. రిమోటు నొక్కి కాపలా పెట్టాక ఎవరైనా తలుపు తీస్తే బుడిపె పైకి లేస్తుంది, సైరను అరుస్తుంది. ముందు బానెట్ తెరిచినా అంతే. లోపల ఇంకొక డబ్బా ఉంది. తలుపు తీయకుండా అద్దం కొట్టినా, బండిని తన్నినా, ఆ అదురును అది కనిపెడుతుంది. ఇక దొంగ స్విచ్. అది వేస్తే ఇంజనుకు కరెంటు అందదు. తాళంచెవి తిప్పితే గరగరమంటుంది గానీ అందుకోదు.

"నిన్న సైరన్ పాడై ఉండొచ్చుగా? ఇతనే ముందుగా తీగ కత్తిరించి ఉండొచ్చు."

"లేదండీ. ఊరేగింపులో పటాకులు కాల్చినప్పుడు ఆ అదురుకు రెండుసార్లు అరిచింది. పెళ్లివాళ్లు విసుక్కుంటే నేనే మెట్ల మీదికి వచ్చి రిమోటు నొక్కి ఊరుకోబెట్టి, మళ్లీ కాపలా పెట్టాను. దేవ్‌సింగ్ అప్పటికే పంక్తిలో కూర్చున్నాడు."

చెప్పడం పూర్తయ్యాక గానీ తాను ఏం చేసిందో ఆమెకు తెలియలేదు. కృష్ణమూర్తి ముఖంలో నవ్వు పోయింది.

"అంటే రెండు కాపలాలన్న మాట. ఒకటి అరుస్తుంది, ఒకటి కదలనివ్వదు. అరిచేదాని నోరు మూయించాలంటే రిమోటు కావాలి. అది ఎక్కడుంది?"

ఆమె పిడికిలి విప్పి చూపించింది.

"ఇంకొకటి ఇచ్చి ఉంటారే?"

"ఇచ్చారు. రెండో తాళంచెవి, రెండో రిమోటు ఒకే రింగుకు ఉండేవి. సాగర్ కాలవలో పడిపోయాయన్నారు మావారు."

"మీరు చూశారా పడిపోవడం?"

"లేదు. చెప్పారు."

"సరే. దొంగ స్విచ్ ఎక్కడుందో ఎంతమందికి తెలుసు?"

"మావారికి, నాకు..." ఆమె ఆగింది. "దేవ్‌సింగ్‌కు."

ఒక మాట మీద పడ్డ మచ్చను తుడవబోయి మనిషి మెడకు ఉరి బిగించింది. కృష్ణమూర్తి లేచి నిలబడ్డాడు. కోపం లేదు అతనిలో. అదే ఎక్కువ భయపెట్టింది.

"రేపు పొద్దున ఇతన్ని కోర్టుకు పంపాలమ్మా. ఆ కాలవలో పడ్డ రిమోటు ఎక్కడైనా తేలితే ఈలోపు చెప్పండి. ఎవరైనా చూసినవాళ్లు చెప్పాలి. ఊహలు కాదు."

బయటికి తీసుకెళ్తుంటే దేవ్‌సింగ్ వెనక్కి తిరిగాడు.

"స్విచ్చికి పెట్టిన పేరు నాకు పడుతున్నదమ్మా. గా పేరు పడ్డంక నా చేతికి ఇగ స్టీరింగ్ ఎవలిస్తరు?"

మెట్ల కింద పుష్పాబాయి లేచి నిల్చుంది. ఏమైందని అడగలేదు. విజయలక్ష్మి నడకలోనే చదువుకున్నట్టుంది. "నేను గీడనే కూసుంట" అని మాత్రం అని, మళ్లీ మెట్టు పక్కన చతికిలబడింది.

సుధాకర్ తన అనుమానం వెనక్కి తీసుకుంటే ఏమైనా మేలు జరుగుతుందేమో. అంతకంటే వేరే దారి తోచక విజయలక్ష్మి కోదాడ బస్సెక్కింది.

కిటికీ పక్కన కూర్చుంది. రిమోటు ఇంకా పిడికిట్లోనే ఉంది. చెమటకు తడిసిన ఆ నల్లటి ప్లాస్టిక్ ముక్కను చూసుకుంటే సిగ్గేసింది కూడా. ఎందుకంటే, ఆమె ఎవరికీ చెప్పని విషయం ఒకటుంది. మిర్యాలగూడ ఇంట్లో సాయంత్రాలు చాలా పొడుగు. పక్కనున్న మిల్లులో పని ఆగిపోయాక వినవచ్చే చప్పుడంటూ ఉండదు. అప్పుడు ఆమె వరండాలో నిల్చుని, అవసరం ఉన్నా లేకపోయినా, ఈ మీట నొక్కేది. వాకిట్లోంచి కారు 'కుయ్' అనేది. ఆ ఇంట్లో ఆమె పిలిస్తే పలికేది అదొక్కటే.

కాపలా పెడితే ఒక కూత. తీస్తే రెండు. మనం లేనప్పుడు ఎవరైనా ముట్టుకుని ఉంటే, తీసినప్పుడు నాలుగు. ఊరికి వెళ్లి వస్తే ఇల్లు ఏమీ చెప్పదు. ఎవరొచ్చారో, ఎవరు తొంగిచూశారో గోడలకు తెలిసినా చెప్పవు. కారు చెబుతుంది. ఆ పుస్తకంలో ఆమెకు బాగా నచ్చిన సంగతి అదే. భాస్కర్‌కు చెబితే, "నీకు బండి గూడ చాడీలు చెప్పాల్నా ఏంది?" అని నవ్వాడు.

ప్రతి వారం దేవ్‌సింగ్ ఆమెను వేములపల్లి పొలానికి తీసుకెళ్లేవాడు. వెనక సీట్లో ఆమె, ముందు సీట్లో పుష్పాబాయి. దారి పొడుగునా పుష్పాబాయి వాగుడే వాగుడు. వారం మొత్తంలో విజయలక్ష్మి గట్టిగా మాట్లాడేది ఆ కాసేపే. కారు పోతే పోయింది. దేవ్‌సింగ్ జైలుకు పోతే ఆ కాసేపు కూడా పోతుంది. ఆ ఆలోచన వచ్చినందుకు తనను తానే తిట్టుకుంది. అక్కడ ఒక మనిషి బతుకు పోతుంటే తన తోడు సంగతా?

మునగాల దాటాక బస్సు నెమ్మదించింది. ముందొక ట్రాక్టరు దారి ఇవ్వడం లేదు. డ్రైవరు హారను మీద హారను కొడుతూ తిడుతున్నాడు. విజయలక్ష్మి తల బయటపెట్టి చూసింది. ట్రాక్టరు వెనక తాడుతో కట్టిన జీపు. జీపులో ఒకతను స్టీరింగ్ పట్టుకుని దర్జాగా కూర్చున్నాడు. ఇంజను ఆగిపోయిన జీపు, బుద్ధిమంతురాలిలా ట్రాక్టరు వెంట పోతోంది.

ఆమె తల లోపలికి తీసుకోవడం మరిచిపోయింది.

దొంగ స్విచ్ ఇంజనును ఆపుతుంది. చక్రాలను ఆపదు.

రిమోటుతో నోరు మూయించి, తాళంచెవితో స్టీరింగ్ విడిపించి, బ్రేకు తీసి, తాడు కడితే చాలు. స్విచ్చి ఎక్కడుందో తెలియక్కర్లేదు. అసలు తెలిసినవాడికి తాడుతో పనేముంది? దేవ్‌సింగ్ అయితే వేలితో ఒక్క నొక్కు నొక్కి నడుపుకుని పోయేవాడు. దొంగ ఎవరో గానీ, స్విచ్చి తెలియనివాడు. తెలియకపోయినా రిమోటు ఉన్నవాడు.

కాలవలో పడిన రిమోటు.

సుధాకర్‌ది కోదాడలో ఎరువుల దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు, పక్కన ఇనుప షట్టరు వేసిన గోదాము. పురుగుమందు వాసన వీధి మలుపు నుంచే మొదలవుతుంది. వరండాలో అత్తగారు ఈశ్వరమ్మ చాట ముందు పెట్టుకుని, చింతపండులో గింజలు తీస్తోంది. చూపు తగ్గింది. చేతులే చూస్తాయి.

"ఎవలు?"

"నేనే అత్తమ్మా."

"విజయా! ఒక్కదానివే వచ్చినవా? కాళ్లు కడుక్కో. సుధాకర్ బజారుకు పోయిండు, వస్తడు." గొంతు తగ్గించింది. "బండి పోయిందట కదా బిడ్డా. పెద్దోని గుర్తు ఒక్కటుండె. గదీ పాయె. నా పిట్ట గూడ ఇగ కూయదు."

"ఏం పిట్ట అత్తమ్మా?"

ఈశ్వరమ్మ సిగ్గుపడింది. ముడతల ముఖం చిన్నపిల్ల ముఖమైపోయింది.

"నీకు చెప్పొద్దన్నడు పెద్దోడు. విజయకు తెలిస్తే కోపం చేస్తది, ఖరీదైన సామాను ఆటకిచ్చినవంటది అన్నడు. ఇగ చెప్తే ఏమున్నదిలే. నాకు సూపు ఆనదు గద. వాడొస్తే ఎవలొచ్చిన్రో తెల్వక ఎవలెవలు అని అడిగేదాన్ని. వానికి మనసున పట్టకపోయేది. ఒకనాడు నా చేతుల ఒక పిట్టను పెట్టిండు. 'అమ్మా, నేను ఆకిట్లకు రాంగనే నువ్వు గిది ఒత్తు, నా బండి పలుకుతది, నేనే వచ్చినట్టు' అన్నడు. నేను ఒత్తుత, అది కుయ్ కుయ్ అంటది. గప్పుడు లేసి వానికి కాళ్లకు నీళ్లిస్త. గంతే ఆట."

ఆ పిట్టే రెండో రిమోటని విజయలక్ష్మికి తెలిసిపోయింది. కాలవ లేదు. పడిపోవడం లేదు. తల్లికిచ్చి, పెళ్లాం కోప్పడుతుందని దాచాడు. తాను అంత కఠినంగా కనిపించేదా ఆయనకు? ఈ మంచిపని నాకు చెబితే వద్దనేదాన్నా? అడగడానికి మనిషి లేడు. చనిపోయినవాళ్లతో తగువు పెట్టుకోవడం కంటే ఒంటరితనం ఇంకోటి లేదు.

"ఆ పిట్ట ఏది అత్తమ్మా?"

ఈశ్వరమ్మ నడుముకున్న వక్కల సంచి తడిమింది. "గిండ్లనే ఉండె. తాళంచెవి గూడ దానికే ఉండె. మొన్న సుధాకర్ తీస్కపోయిండు. సెల్లు అయిపోయింది, పెండ్లికి పోయినప్పుడు కొత్తది ఏయించుకొస్తనన్నడు. మల్ల ఇయ్యలే."

వీధిలో మోపెడ్ ఆగింది. సుధాకర్ కూరగాయల సంచితో లోపలికి వచ్చి, వదినను చూసి ఒక్క క్షణం గడప మీదే నిలిచిపోయాడు.

"ఎప్పుడొచ్చినవ్ వదినా? కబురు పెడితే నేనే వస్తుంటిని గదా."

"స్టేషను నుంచి వస్తున్నా. దేవ్‌సింగ్‌ను రేపు కోర్టుకు పంపుతారట."

"పంపనీ." సంచి కింద పెట్టాడు. "కోపం రావద్దు వదినా, మనసుల మాట చెప్తున్న. ఆ లంబాడీ డ్రైవర్‌ను ఏసుకొని నువ్వు ఊర్లు తిరుగుడు నలుగురికీ బాగలేదు. నా మొకం మీదనే అడుగుతున్నరు. ఆ ఇంట్ల ఒక్కదానివే ఎందుకు? కిరాయికిచ్చెయ్. గీడికొచ్చి ఉండు. అమ్మ ఉన్నది, మేమున్నం."

"కారు దొరికితే?"

"దొరికితే మాత్రం ఏం చేస్కుంటవ్? ఎంత తిప్పినా స్టార్టే అయితలేదు, అదేం బండి..."

మాట నోట్లోనే ఆగింది. వీధిలో ఎవరో రిక్షా బెల్లు కొట్టారు. విజయలక్ష్మి ఆ మాటనే పట్టుకుంది. అయితలేదు అన్నాడు. కాదు అనలేదు, కాకపోవచ్చు అనలేదు. ఇప్పుడే తాళం తిప్పి చూసి, చేతులు కడుక్కుని వచ్చిన మనిషిలా, అయితలేదు అన్నాడు.

ఆమె పిడికిలి ఎత్తి మీట నొక్కింది.

గోదాము షట్టరు వెనక నుంచి, ఎరువుల బస్తాల అవతల నుంచి, బెంగ పెట్టుకున్నదానిలా కారు పలికింది. కుయ్, కుయ్, కుయ్, కుయ్.

నాలుగు. నువ్వు లేనప్పుడు నన్ను ముట్టుకున్నారు.

సుధాకర్ కదల్లేదు. కదిలింది ఈశ్వరమ్మ. చాట పక్కకు తోసి, మోకాళ్ల నొప్పులు మరిచి ఒక్క ఉదుటున లేచి నిల్చుంది. గింజలు వరండా అంతా చెల్లాచెదురయ్యాయి. ఆమె ముఖం వెలిగిపోతోంది.

"వచ్చిండు! పెద్దోడొచ్చిండు బిడ్డా! చెంబు తే, కాళ్లకు నీళ్లియ్యాలె..."

చేతులు ముందుకు చాచి షట్టరు వైపు నడిచింది. సగం దారిలో గుర్తొచ్చింది. ఆ వెలుగు ఆరిపోవడం చూడలేక విజయలక్ష్మి తల తిప్పుకుంది. ఈశ్వరమ్మ మాత్రం ఆగిన చోట ఆగిపోలేదు. మెల్లగా మిగతా దూరం నడిచి, షట్టరు మీద అరచెయ్యి ఆనించింది. లోపల ఉన్నదేదో ఊపిరి తీస్తున్నదేమో చూస్తున్నట్టు.

"సుధాకర్. అన్న బండి గీడెందుకున్నదిరా?"

"అది మనింటి బండి అమ్మా, మన దుకాణం ట్రాక్టరోనితోటి గుంజి తెప్పించిన. పరాయోళ్ల చేతుల ఎందుకుండాలె?"

"గా డ్రైవర్ పిలగాడు ఏడున్నడు మరి?"

సుధాకర్ కింద పెట్టిన సంచిని కాలితో గోడవారకు జరిపాడు.

"స్టేషన్‌ల ఉన్నడు అత్తమ్మా" అంది విజయలక్ష్మి. "వాళ్ల పుష్పాబాయి పొద్దటి నుంచి మెట్ల కాడ కూసున్నది."

సుధాకర్ వదిన వైపు తిరిగాడు. గొంతులో మర్యాద అలాగే ఉంది, వెచ్చదనం పోయింది.

"నువ్వు సూర్యాపేట చేరేటాలకు బండి గీడుండదు వదినా. మనిషి పోయిన పరేషాన్‌ల ఏదో మాట్లాడుతున్నది అంట. నమ్ముతరు. రిమోట్ నా చేతికొచ్చిందని చెప్పేటిది అమ్మ ఒక్కతే. అమ్మ చెప్పదు." తల్లి వైపు చూశాడు. "ఒక్క కొడుకు పోయిండు. ఉన్నొక్కణ్ని జైలుకు పంపుతదా?"

ఈశ్వరమ్మ షట్టరు మీది నుంచి చెయ్యి తీయలేదు. తర్వాత రెండో చెయ్యి వెనక్కి చాచింది, అరచెయ్యి పైకి పెట్టి.

"నా పిట్ట నాకియ్యి."

"అమ్మా..."

"ఇయ్యిరా. అది నీది కాదు. నీ అన్న నాకిచ్చింది."

చిన్నప్పుడు జేబులో దాచిన బెల్లం ముక్క ఇచ్చేసినట్టు, సుధాకర్ లాల్చీ జేబులోంచి రింగు తీసి ఆ చేతిలో పెట్టాడు. ఈశ్వరమ్మ దాన్ని తడిమి చూసుకుంది. తాళంచెవి, పిట్ట. వక్కల సంచిలో వేసి తాడు బిగించి, నడుముకు దోపుకుంది. ఆమె ముఖంలో ఏముందో చదవడం విజయలక్ష్మి వల్ల కాలేదు.

"విజయా" అంది ఈశ్వరమ్మ, కాలితో వరండా అంచు వెతుక్కుంటూ. "నా చెప్పులు ఏడున్నయో సూడు బిడ్డా."